మాతంగి నోరు, మా తాత డప్పు

నాకు రెండు పేర్లు. బడి రిజిస్టర్లో ఉన్నది తిరపతి కొండమీది దేవుడి పేరు. గుడి రిజిస్టర్లో ఉన్నది ఏసుక్రీస్తు శిష్యుల్లో ఒకాయన పేరు. గుడి అంటే మా మాదిగపల్లెలో చర్చి అనే అర్థం. ఊళ్ళో ఉన్న రాములోరి గుడిని మావోళ్ళు 'ఊళ్ళో గుడి' అంటారు. మమ్మల్ని రానియ్యనిదానికి ఊరి పేరు తగిలించి, మేం రాళ్ళు మోసి కట్టుకున్నదానికి అసలు పేరు అట్టే పెట్టుకున్నారన్న మాట. బైబిల్ని సత్యవేదం అన్నారు. బాప్తిస్మం తీసుకున్నోళ్ళని 'వేదంలో కలిశారు' అన్నారు. శూద్రుడి చెవిన వేదం పడితే ఆ చెవిలో సీసం కరిగించి పొయ్యమని రాసిన దేశంలో, శూద్రుడికన్నా కిందోణ్ణి అనిపించుకున్న మా ముత్తాత ఒక్క మునకతో వేదంలో కలిశాడు!

అయితే ఇట్లా కలిసినందుకు మా మీద మూడు వేపుల నుంచీ మూడు ఫిర్యాదులున్నాయి. అయ్యగార్లేమో 'వీళ్ళు సగం అన్యులు, ఇంకా పోలేరమ్మ వొదల్లేదు' అంటారు. ఊళ్ళో పెద్దకులాలోళ్ళేమో 'పాలపిండికీ గోధుమనూకకీ దేవుణ్ణి మార్చారు' అంటారు. ఈమధ్య మన దళిత మేధావుల్లో కొందరు 'మీ అసలు సంస్కృతిని తెల్లదొరలకి తాకట్టు పెట్టారు' అంటున్నారు. ఈ మూడు మాటల్నీ మా ఇంటి కథ పక్కన పెట్టి చూద్దామనే ఇది రాస్తున్నాను. మా తాత ఏం వొదిలాడు, మా అవ్వ ఏం వొదల్లేదు, వొదలడానికీ వొదలకపోడానికీ ఎవరికెంత ఖర్చయింది — ఇదీ నాకు కావలసిన లెక్క.

ముందు ఆ 'అన్యులు' అనే మాట చూద్దాం. ఇంగ్లీషువాళ్ళు పేగన్ అంటారు. దాని పుట్టుక లాటిన్లో ఉంది. పేగానుస్ అంటే పల్లెటూరివాడు. రోమ్ పట్టణాల్లో కొత్తమతం పాకినాక పాతదేవుళ్ళని పట్టుకు వేలాడేవాళ్ళకి ఆ పేరు అంటింది. అంటే అది దేవుణ్ణిబట్టి పెట్టిన పేరు కాదు. మనిషి ఉండే చోటునిబట్టి పెట్టిన పేరు. మాలపల్లె, మాదిగపల్లె అని చోటుతోనే కులాన్ని పిలిచే మనకి ఈ సంగతి ఒకరు విడమరచి చెప్పక్కర్లేదు.

మా జిల్లాలో ఈ కథ ఒంగోలు కొండమీద మొదలైంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, కొందరు నెల్లూరు క్రైస్తవులు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, క్లౌ దొర ఒంగోలొచ్చాడు. మొదట పెద్దకులాలవాళ్ళు ఆసక్తి చూపించారు గానీ మాదిగలు రావటం చూసి, వాళ్ళు కావాలో మేం కావాలో తేల్చుకోమన్నారు. దొర మాదిగల్ని వొదల్లేదు. ఆయన దగ్గరకొచ్చిన మొదటి మాదిగల్లో తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య ఒకడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు.

ఈ పేరయ్య సంగతి కొంచెం ఆగి చెప్పాలి. ఆయన చీకట్లోంచి నేరుగా వెలుగులోకి నడిచిన మనిషి కాడు. అంతకుముందే ఆయన రాజయోగం నేర్చుకున్నవాడు. గురువు దగ్గర ఉపదేశం పొంది, బొమ్మలకి మొక్కటం మానేసి, తనకీ శిష్యుల్ని చేసుకున్నవాడు. అప్పట్లో మా ప్రాంతంలో పోతులూరి వీరబ్రహ్మం పేరుమీద, ఇంకా ఇతర గురువుల పేర్లమీద ఇట్లాంటి కూటాలు మాదిగపల్లెల్లో నడిచేయి. వీరబ్రహ్మం శిష్యుడు కక్కయ్య మాదిగోడనే కథ మావోళ్ళకి ఇప్పటికీ నోటికొచ్చు. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ మా ముసలోళ్ళ దగ్గర కూచుని ఈ సంగతులన్నీ అడిగి తెలుసుకుని 1899లో ఒక పుస్తకం వేసింది. అది చదివితే ఒకటి తెలుస్తుంది. దేవుడొక్కడే, రాయి దేవుడు కాదు, కులం దేవుడు పెట్టింది కాదు అన్న మాటలు తెల్లదొర ఓడదిగి రాకముందే మా పల్లెలో ఉన్నాయి. దొర తెచ్చిన దేవుడు దిగటానికి అరుగు ముందే అలికి ఉంది. ఆ అరుగు అలికింది మావోళ్ళే.

కలిసినవాళ్ళకి దొర పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. చెప్పుకోటానికి మూడూ దేవుడి సంగతులే. పల్లెలోకి దిగేసరికి మూడూ కూలి సంగతులై కూచున్నాయి. ఆదివారం పని చెయ్యకపోతే రైతు ఊరుకోడు. కోతలకి ఆదివారమేంది, సోమారమేంది? చచ్చిన గొడ్డు తినకపోతే కరువుకాలంలో పిల్లల కడుపు ఎట్లా నిండాలి? పైగా చచ్చిన గొడ్డు తోలుమీదే మాదిగ బతుకు. గొడ్డుని ఈడ్చుకుపోయే పని తోలుతో ముడి, తోలు చెప్పులతో, మోటబొక్కెనతో ముడి, చెప్పులూ మోటబొక్కెనా రైతు కళ్ళం దగ్గర కొలిచే గింజల్తో ముడి. ఒక పోగు లాగితే బట్టంతా ఊడుతుంది.

మూడోది ఇంకా కష్టం. విగ్రహాలకి మొక్కొద్దంటే జాతరలో డప్పు కొట్టొద్దనే గదా. ఊరి అమ్మోరికి కొలుపు చేసేటప్పుడు మాదిగ డప్పు లేకపోతే అమ్మోరు కదలదు. దున్నపోతుని నరకాల్సింది, పొలి చల్లేటప్పుడు ముందు నడవాల్సింది కూడా చాలా ఊళ్ళలో మావోళ్ళే. ఇది హక్కు అని ఈనాడు కొందరు రాస్తున్నారు. హక్కయితే వొద్దనుకునే హక్కు కూడా ఉండాలి గదా! వొద్దన్న ఊళ్ళలో ఏమైందో దొరలే రాసి పెట్టారు. నీళ్ళు తోడుకోనియ్యలేదు. పనికి పిలవలేదు. కొట్టారు.

అటు తర్వాత 1876లో కరువొచ్చింది. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడు మైళ్ళకి పైచిలుకు పని క్లౌ దొర కంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నోళ్ళని పనిలో పెట్టాడు. మా తాత నాయన కూడా ఆ కాలవ మట్టి మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. 'గోధుమనూక కోసం కలిశారు' అనేవాళ్ళు ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. కరువు సాగినన్నాళ్ళూ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వస్తున్నారని అనిపించుకోకూడదని దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కరువు పని అయిపోయాక, పెట్టటానికి గంజి కూడా లేని రోజుల్లో మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2222 మంది మునిగారు. దేశీయులైన బోధకులే ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు. కాలవ కూలి ముగిశాక వచ్చిన ఆ రెండు వేల మందికి ఆకలితో పాటు ఇంకేదో కూడా ఉండి ఉండాలి. మనిషిని పేరుపెట్టి పిలిచే చోటు కోసం ఉన్న ఆకలి అది అని నేననుకుంటాను.

మా తాత ఆ తర్వాతి తరం మనిషి. గుడికి పోయేవాడు గానీ డప్పు మాత్రం ఇంట్లో చూరుకి వేలాడుతుండేది. ఒక ఏడు మశూచి సోకి ఊళ్ళో కొలుపు పెట్టారు. మోతుబరి పాలేరుని పంపించాడు. తాత పోలేదు. మోతుబరే పల్లె మొదట్లోకొచ్చి నిలబడి, "ఏరా, మీ దేవుడు మారితే మా అమ్మోరు మాడి చావాల్నా?" అన్నాడంట. తాత, "అయ్యా, నేను మీ పొలం దున్నుతా, మీ చెప్పులు కుడతా. ఇదొక్కటి మాత్రం నాకు సెలవియ్యండి" అన్నాడంట. సెలవియ్యలేదు. ఆ ఏడు మా ఇంటికి కళ్ళంలో గింజ కొలవలేదు. మోటబొక్కెనలు పక్కూరి మాదిగలతో కుట్టించుకున్నారు. మా తాత డప్పు తోలు కోసి పిల్లలకి చెప్పులు కుట్టాడు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా మా తాత నాకు దావీదులాగా కనపడేవాడు. గుడిలో సాక్ష్యం చెప్పేటప్పుడు మా నాయన కూడా దీన్ని ఆ లెక్కనే చెప్పేవాడు. మా అవ్వ మాత్రం సాక్ష్యం అయిపోయి ఇంటికొచ్చాక పొయ్యికాడ కూచుని ఇంకో ముక్క చెప్పేది: "మీ తాత డప్పు మూలనేశాడు. మంచిపనే చేశాడు. ఆ డప్పుతోపాటు మా పెద్దమ్మ నోరు కూడా మూలన పడింది."

మా అవ్వ పెద్దమ్మ మాతంగి. మాతంగి అంటే మాదిగల్లోంచి అమ్మోరు ఎంచుకున్న ఆడమనిషి. పెళ్ళి ఉండదు. జాతర రోజున పూనకంతో వీధుల్లోకొస్తుంది. కనపడ్డ ప్రతివాణ్ణీ తిడుతుంది. కరణాన్ని తిడుతుంది, మునసబుని తిడుతుంది, వాళ్ళ తాతముత్తాతల్ని తిడుతుంది. నోట్లో కల్లు పుక్కిలించి వాళ్ళమీద ఉమ్ముతుంది. వాళ్ళు తల వంచి ఆ ఉమ్ము పట్టుకోవాలి. పట్టుకుంటే పవిత్రమంట! ఏడాదంతా మా నీడ సోకితే స్నానం చేసేవాళ్ళు ఆ ఒక్క రోజు మాదిగదాని ఎంగిలి కోసం వరసలో నిలబడేవాళ్ళు. ఇది అవ్వ కల్పన కాదు. 1909లో థర్‌స్టన్ అచ్చేసిన కులాల సంపుటాల్లోనూ మాతంగి కథ ఉంది.

అవ్వ చెప్పేది: "మా పెద్దమ్మ ఉమ్మితే కరణం మొహం తుడుచుకోడానికి గూడా భయపడేవోడురా. ఇప్పుడు నేను గుడిలో ముసుగేసుకుని ఆడోళ్ళ వేపు కూచుంటా. అయ్యగారు మాట్టాడమన్నప్పుడే మాట్టాడతా."

ఈ మాట నన్ను చాలా ఏళ్ళు నిద్రపోనివ్వలేదు. ఒకే డప్పు మూలపడింది. దానివల్ల మా తాత వెట్టినుంచి బయటపడ్డాడు. అవ్వ వాళ్ళ పెద్దమ్మకేమో నోరు పోయింది. మనం మతం మారటాన్ని లెక్కగట్టేటప్పుడు మొగోళ్ళ పద్దు ఒకటే రాసుకుంటున్నాం. ఆడోళ్ళ పద్దు రాయలేదు.

అట్లాగని పాతదాంట్లో అంతా బంగారమే అని కూడా నేననను. మాతంగికి ఒక్క రోజే నోరుండేది. మిగతా మూడొందల అరవైనాలుగు రోజులూ ఆమె ఎవరి ఇంటి ఆడమనిషీ కాదు కాబట్టి అందరి ఆడమనిషీ అయ్యేది. ఇట్లాంటి ఆచారాలు ఎంత ముదిరితే 1988లో రాష్ట్ర ప్రభుత్వం దేవదాసి, జోగిని, మాతంగి పేర్లతో ఆడపిల్లల్ని అంకితం చెయ్యటాన్ని నిషేధిస్తూ చట్టం తేవాల్సొచ్చింది?

దున్నపోతు కథ ఇంకా ఘోరం. ఒక దళితుడు కులం దాచి బాపన పిల్లని పెళ్ళాడతాడు. నిజం తెలిసి ఆమె అగ్నిలో పడి అమ్మోరవుతుంది. మొగుడు దున్నపోతై పుడతాడు. ఏటా ఆ దున్నపోతు తల నరికి, దాని కాలు దాని నోట్లోనే పెట్టి, నెత్తిమీద దీపం పెట్టి అమ్మోరి ముందు ఉంచుతారు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ 1916లో వేసిన గ్రామదేవతల పుస్తకంలో ఈ కథా ఉంది, ఈ తంతూ ఉంది. అంటే ఏంది? పెద్దకులం పిల్లని చేసుకున్న మావోణ్ణి ఏటేటా నరుకుతున్నారు. నరికే కత్తి మా చేతికే ఇచ్చారు. వాయించే డప్పూ మా మెళ్ళోనే వేశారు. మా తాత ఆ డప్పు దించేశాడంటే సంస్కృతిని తాకట్టు పెట్టినట్టా?

కానీ అదే పాత కథల్లో రేణుక కథ కూడా ఉంది. పరశురాముడు తల్లిని నరకబోతే ఆమె పరుగెత్తుకొచ్చి మాదిగామెని వాటేసుకుంది. రెండు తలలూ తెగిపడ్డాయి. మళ్ళీ బతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. మాదిగ మొండెం మీద బాపన తల నిలబడ్డ ఆ ఎల్లమ్మకే అందరూ మొక్కుతున్నారు. చావు తరుముకొస్తే రాజులింటి ఆడది పరుగెత్తింది ఎవరి వాకిట్లోకి? దీన్ని ఎందుకు వొదులుకోవాలి? పాతదంతా సైతానుదనీ, పాతదంతా మనదేననీ అనేవాళ్ళిద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు. ఇద్దరూ పాతదాన్ని విప్పి చూడటం లేదు.

ఇంతకీ దొరలకి 'పాతది' అంటే అంత పట్టింపు ఎక్కణ్ణించొచ్చింది? వాళ్ళ ఇంట్లో అంతా కొత్తదేనా? 601లో రోమ్‌లో ఉన్న పోపు గ్రెగరీ ఇంగ్లండుకి పోతున్న మెల్లిటస్ అనే గురువుకి ఉత్తరం రాశాడు. అక్కడి అన్యుల గుళ్ళని కూలగొట్టొద్దనీ, విగ్రహాలు మాత్రం తీసేసి మంత్రజలం చల్లి వాటినే చర్చిలుగా వాడుకొమ్మనీ, వాళ్ళు ఎడ్లని బలిచ్చే పండగల్ని పరిశుద్ధుల పండగలుగా మార్చి విందు చేసుకోనిమ్మనీ అందులో ఉంది. బీడ్ అనే సన్యాసి తన చరిత్రలో ఈ ఉత్తరాన్ని ఎత్తి రాశాడు. తెల్లోడి జాతరకి అంత మన్నింపు దొరికింది. మా జాతరకి ఎవరూ అట్లాంటి ఉత్తరం రాయలేదు.

డిసెంబరు 25 సంగతీ అంతే. రోమ్‌లో ఆ రోజున క్రీస్తు జన్మదినం లెక్కగట్టినట్టు 336 నాటి ఆధారముంది. అది దొరికిన పంచాంగంలోనే అదే తేదీన జయించరాని సూర్యుడి పుట్టినరోజు కూడా రాసుంది. ఏది దేన్ని చూసి వచ్చిందని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మా ఒంగోలుకి దొరల్ని పంపి, ఖర్చు భరించిన బాప్టిస్టు సంఘం ఆఫీసు బోస్టన్‌లో ఉండేది. ఆ బోస్టన్ చుట్టూ ఉన్న మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా! అన్యుల వాసనుందని అక్కడి భక్తిపరులే దాన్ని వెలేశారు. తర్వాత కలుపుకున్నారు. కలుపుకున్నాక మాకు పంపించారు. ఇవాళ మా పల్లెలో ప్రతి ఇంటిమీదా వెదురుబద్దల నక్షత్రం వెలుగుతుంది.

ఇక మన తెలుగు గుడిలోకి ఏ పాతది రావచ్చో, ఏది రాకూడదో ఎట్లా తేలిందో చూడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటలకి పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. తెలుగు కీర్తనలకి ఆద్యుడనదగ్గ పురుషోత్తమ చౌధరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. ఆ కీర్తనలంటే నాకు ప్రాణం. వాటిల్లోనే నాకు తెలుగొచ్చింది. కానీ నా ప్రశ్న వేరు. కచేరీ రాగం అన్యం కాకుండా గుడిలోకి నడిచొచ్చింది. మా తోలుడప్పు మాత్రం అన్యమై గుమ్మం బయట ఆగింది. తాళి వచ్చింది, దానికి శిలువ బిళ్ళ కూడా తగిలింది. పొంగు మచ్చలకి కట్టే వేపమండ రాకూడదు. ఫిరంగిపురం వేపు రెడ్ల కేథలిక్కులు, కమ్మ కేథలిక్కులు కులం చెక్కుచెదరకుండా గుళ్ళో మోకరించారు. అంటే గుమ్మం దగ్గర నిలబడి 'ఇది అన్యం, ఇది కాదు' అని వడపోసింది ఒక్క బైబిలే కాదు. కులం కూడా ఆ జల్లెడ ఒక చివర పట్టుకుంది.

దోర్నకల్లు బిషప్పు అజరయ్య ఈ సంగతి కొంత గుర్తించాడు. 1912లో బిషప్పయిన ఆయన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. ఆయన మండలంలో ఎక్కువమంది మాలలూ మాదిగలే. 1939లో ప్రతిష్ఠ చేసిన ఆయన కెథడ్రల్లో మసీదు మినార్లూ ఉన్నాయి, గుడి స్తంభాలూ ఉన్నాయి. రాయిలో మూడు మతాలు కలిశాయి. తోలు మాత్రం అందులో కూడా కలవలేదు.

పెద్దలు తలుపు మూసినా ఆడోళ్ళు దొడ్డిదోవ తెరిచే ఉంచారు. నాకు ఆటలమ్మ పోసినప్పుడు మా అమ్మ గుమ్మానికి వేపమండ గుచ్చి, పసుపునీళ్ళు చల్లి, నా తలకాడ సత్యవేదం పెట్టి, "ఏసునాయనా, తల్లిని చల్లగా పంపించు తండ్రీ" అని ప్రార్థన చేసింది. ఒకే వాక్యంలో అమ్మోరుంది, ఏసుప్రభువున్నాడు. ఇద్దరూ పోట్లాడుకోలేదు. నాకు తగ్గింది. అయ్యగారొచ్చి వేపమండ చూసి మొహం చిట్లించుకున్నాడు. అయ్యగారమ్మ మాత్రం పోతా పోతా, "వదినా, మా బుడ్డోడికీ ఒళ్ళు వెచ్చగుంది, నాలుగు రెబ్బలుంటే ఇయ్యి" అని అడిగి కొంగున కట్టుకుపోయింది.

పోలేరమ్మకి మొక్కుకున్న కోడిని గుడి ముందు కోసేవాళ్ళు. వేదంలో కలిశాక అదే మొక్కుబడి కోడి కోతల పండగనాడు గుడిలో వేలంపాటకొచ్చింది. గుమ్మడికాయలూ, కొత్త వడ్లూ కూడా అంతే. పదకొండో దినం ఆదరణ కూటమైంది. పెద్దలకి పెట్టుకునే రోజు సమాధుల పండగైంది. సున్నం కొట్టిన గోరీ మీద కొవ్వొత్తి పక్కన మా అవ్వ తాతకిష్టమైన చుట్ట పెట్టేది. విజయవాడ గుణదల మాత తిరణాలకి ఫిబ్రవరిలో పోయి చూడండి. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. కేథలిక్కులే కాదు, బాప్టిస్టులూ వస్తారు, హిందువులూ వస్తారు. కొండమీద నిలబడ్డ తల్లిని మనజనం ఏ పేరుతోనైనా గుర్తుపడతారు.

ఈ కలగలుపు మీద ఎవరికీ రానంత కోపం ప్రభుత్వానికొచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. క్రైస్తవుల్ని, ముస్లిముల్ని కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవుడైన మాలమాదిగలు బీసీ-సీ. అందుకే నా బడి రిజిస్టర్లో కొండమీది దేవుడి పేరు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తెంపమంది. ఎవరూ తెంపలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి మహిళ కేసులో, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవటం రాజ్యాంగాన్ని మోసం చేయటమే అంది. కోర్టు కాగితంమీద మనిషికి ఒకటే నమ్మకముంటుంది. వేపమండా సత్యవేదమూ ఒకే గుమ్మం దగ్గరున్న మా అమ్మని ఏ గడిలో రాస్తారు? గొడ్డలితో తరిమినోడు మాత్రం ఎప్పుడూ మతం అడగలేదు. 1985 కారంచేడులో, 1991 చుండూరులో నరికినోళ్ళు బాప్తిస్మం సర్టిఫికెట్లు చూసి నరకలేదు.

ఈ చిక్కుముడిని మనకన్నా ముందు జాషువా పట్టుకున్నాడు. క్రైస్తవుడిగా పెరిగిన ఆ కవి 1941లో 'గబ్బిలం' రాశాడు. అందులో దళితుడు తన మొరని గబ్బిలంతో పంపింది కాశీ విశ్వనాథుడికి. అదే చేత్తో తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాశాడు. ఇటూ అటూ ఆయన్ని నిలదీశారు. ఆయన రెండు పుస్తకాలూ వెనక్కి తీసుకోలేదు.

ఇక డప్పు సంగతి. 1994 జులైలో మా జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. ఊరు వెట్టిగా కొట్టించుకున్న డప్పు, గుడి పాపమని బయటపెట్టిన డప్పు, ఈ రెంటికీ చెందకుండా రోడ్డుమీదికొచ్చింది. కొలుపు కోసం కాదు, కూటం కోసం మోగింది. దాన్ని విన్నాకే మా గుడిలో కుర్రాళ్ళకి ధైర్యమొచ్చింది. మొన్న క్రిస్మస్ ఊరేగింపుకి డప్పులు పెట్టాలని వాళ్ళే తీర్మానించారు. అయ్యగారు కూడా వొద్దనలేదు. తీరా చూస్తే మా పల్లెలో డప్పు కట్టటం వచ్చినోడు ఒక్కడూ లేడు. మూడు తరాల కింద మా ఇంట్లోనే దాన్ని కోసి చెప్పులు కుట్టారు గదా. పక్కూరినుంచి నలుగురిని పిలిపించాం. రేపు మా పిల్లలకి నేర్పమని కూడా అడిగాం. వాళ్ళు మనిషికింతని చెప్పి, ముందుగా సగం తీసుకుని, శాలువాలూ దండలూ వొద్దని, కుర్చీలెయ్యమని అడిగారు. వేశాం. అమ్మోరి ముందు ఉచితంగా కొట్టినోళ్ళ మనవళ్ళు ఏసుప్రభువు ముందు కూలి అడిగి కొట్టారు. అట్లాగే అడగాలి. ఆడపిల్లల్లో ఇద్దరు మేమూ నేర్చుకుంటామని ముందుకొచ్చారు. వాళ్ళలో ఒకతె బాగా నోరున్న పిల్ల.